లాల్ బీ ఇవ్వని చీర

ఉతకని గుడ్డ మీద లాల్ బీ సూది పెట్టేది కాదు.

దేవరకొండలో ఖిలా కింది గల్లీలో ఆమె బొంతలు కుట్టేది. పాత చీరలు, పంచెలు, చిరిగిన దుప్పట్లు ఎవరి మూట వాళ్లు తెచ్చి అరుగు మీద పెడితే, ముందు మూట విప్పి వాసన చూసేది. చెమట వాసన వచ్చిందా, మూట తిరిగి వాళ్ల ఒళ్లోనే పడేది. "ఉతికి ఎండేసి తేపో. నీ మొగని కంపు నేనెందుకు కుట్టాలె?" అనేది. పెద్దింటి ఆమెకైనా అదే మాట, కూలికి పోయే ఆమెకైనా అదే మాట. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. లాల్ బీ నోరు ఏనాడూ మంచిది కాదు, అయినా ఊరు ఆమె అరుగు దగ్గరికే వచ్చేది. బియ్యపు గింజంత కుట్టు, దాని పక్కన బియ్యపు గింజంత ఎడం. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గీత గీసినట్టు పోయేది. పదేళ్లు కప్పుకున్నా లోపలి పొర జారేది కాదు. అట్లాంటి చేతికి ఎంత నోరున్నా చెల్లుతుంది.

మొగుడు చోటే మియా దూది ఏకేవాడు. విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, ముద్దకట్టిన పరుపులు విప్పి దూది ఏకి మళ్లీ నింపి వచ్చేవాడు. మాట తక్కువ మనిషి. ఎవరైనా అడిగితే, "నా దగ్గరున్న మాటలన్ని నికా నాడే ఆమెకిచ్చేసిన" అనేవాడు. ఒక్కడే కొడుకు రజాక్, బస్టాండు దగ్గర సైకిళ్లకు పంక్చర్లు వేస్తాడు. కోడలు జాహేదాది నారాయణపేట. తల్లి చిన్ననాడే పోయింది. అందుకని కావచ్చు, అత్త తిట్టినా ఆ పిల్లకు అమ్మ తిట్టినట్టే ఉండేది. లాల్ బీకి ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా తిట్టేది.

జాహేదాకు రెండుసార్లు కడుపు నిలిచి మూడో నెల దాటకుండానే పోయింది. మూడోసారి నిలిచినప్పుడు లాల్ బీ ఇంట్లో అందరి నోళ్లకూ తాళం వేసింది. "ఐదో నెల పడేదాంక ఈ ముచ్చట గడప దాటొద్దు. దిష్టి కండ్లు మంచియి గావు." రెండుసార్లు కాలిన చేయి కదా, ఎవరూ ఎదురు చెప్పలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, తొంభై ఒకటో సంవత్సరంలో, లాల్ బీ రొమ్ములో గడ్డ బయటపడింది. బయటపడింది అనడం కూడా తప్పే. రేగుపండంత ఉన్నప్పుడే ఆమెకు తెలుసు. నిమ్మకాయంత అయ్యేదాకా కొంగు కింద దాచింది. హైదరాబాదు పెద్ద దవాఖానలో కోసి తీసేశారు. గాయం మానాక, రోగం విత్తనం ఒంట్లో మిగలకుండా ఆరుసార్లు మందు ఎక్కించాలన్నారు. మూడు వారాలకోసారి బస్సెక్కి పోవాలి, చేతి నరంలోకి సీసా పెట్టించుకోవాలి, అదే రోజు బస్సెక్కి రావాలి.

మొదటిసారి మందు ఎక్కించే ముందు, సావిత్రమ్మ అనే సిస్టరు మంచం పక్కన కూర్చుంది. ఆడవాళ్ల వార్డులోకి మొగవాళ్లను రానీయరు, చోటే మియా బయట వరండాలో ఉన్నాడు. సిస్టరు చెప్పిన మాటలు విన్నది లాల్ బీ ఒక్కతే. అసలు కథంతా అక్కడే మొదలైంది.

"జర నా దిక్కు జూడు లాల్ బీ," అంది సిస్టరు. "గీ ఎర్ర మందు రోగాన్ని సంపుతది. కని మంచీ చెడూ సూడకుంట సంపుతది. రెండు దినాలు నీ ఒంట్లకెళ్లి బయటికొస్తనే ఉంటది. మూత్రం ఎర్రగొస్తది, భయపడకు, నెత్తురు గాదు, మందే. కక్కుడుల ఉంటది, చెమటల ఉంటది. ఆ రెండు దినాల బట్టలు ఇడిగ పెట్టాలె, అందరి బట్టలల్ల కలపొద్దు. ఉతికేటోళ్లు చేతులకు తొడుగులు ఏసుకోని రెండుసార్లు ఉతకాలె. మీ ఇంట్ల లెట్రినుందా?"

"దడి సాటుకు గుంత ఉంది."

"పోయినప్పుడల్ల రెండు చెంబులు ఎక్కువ నీళ్లు పోసి మన్నెయ్యి. కక్కిన గిన్నె గూడ గంతే. ఇంట్ల కడుపుతోని ఉన్నోళ్లు ఎవరన్న ఉన్నరా?"

లాల్ బీ మనసులో నెలలు లెక్కపెట్టింది. నాలుగో నెల. ఇంకా ఐదు పడలేదు. సిస్టరు కళ్లలోకి చూసి, "లేరు" అంది.

"ఉంటే మాత్రం ఆ బట్టలు, ఆ గిన్నె అసలే ముట్టనీయొద్దు. కడుపుల పిండానికి గీ మందు మంచిది గాదు. మూడో దినం సంది ఏం లేదు, అందరితోని కూసోని తిను, పిల్లల నెత్తుకో. గిది అంటురోగం గాదు, యాది పెట్టుకో." చెప్పి, రబ్బరు చేతి తొడుగులు రెండు జతలు కాగితంలో చుట్టి ఇచ్చింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని లాల్ బీ ఆ కాగితం పొట్లాన్ని ఒళ్లో పెట్టుకుంది. అంటురోగం కాదన్న మాట ఎవరి చెవిలో నిలుస్తుంది? తొడుగులు వేసుకుని ఉతకాలన్న మాటే నిలుస్తుంది. ఆమెకు తన అత్త యాదికొచ్చింది. లాల్ బీ కొత్త కోడలుగా వచ్చిన ఏడు ఆ ముసలమ్మకు క్షయ వచ్చింది. ఆ చేతుల మీద కుట్టించుకున్న బొంతలను ఊరి జనం మోసుకెళ్లి ఊరవతల కుప్పపోసి కాల్చారు. ఏడాదిన్నర పాటు అరుగు మీద ఒక్క మూట పడలేదు. దూరంగా పొగ లేస్తుంటే ముసలమ్మ గుమ్మంలో కూర్చుని, "గా మూలది గాలయ్య బిడ్డకు కుట్టింది, గా పెద్దది బీరప్ప అమ్మకు కుట్టింది" అని ఒక్కొక్కటే పేరు పెట్టి ఏడ్చింది. కొత్త కోడలుకు అది కళ్లలో మచ్చలా ఉండిపోయింది.

ఇంటికి చేరగానే జాహేదా ఎదురొచ్చింది. "ఏం జెప్పిన్రు అత్తా?"

"ఏం జెప్తరు? మంచిగ తినుమన్నరు, నీ అసొంటి మబ్బుమొకాన్ని జూడొద్దన్నరు," అంది లాల్ బీ. చోటే మియా నవ్వాడు. లాల్ బీ లోపలికి పోయి కాగితం పొట్లాన్ని దూది సంచి అడుగుకు తోసేసింది.

ఆమె లెక్క ఆమెకుంది. తన గుడ్డ తానే ఉతుక్కుంటుంది, తన గుంత తానే పూడ్చుకుంటుంది. ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. ముప్పై ఏళ్లుగా ఇల్లును ఒంటిచేత్తో ఈదుకొచ్చిన మనిషికి రెండు దినాలు ఒక లెక్కా? కానీ ఆ మందు ఒళ్లు చూసి వచ్చింది, పొగరు చూసి రాలేదు. సాయంత్రానికి గిన్నె ముందు కూలబడింది. కక్కింది, మళ్లీ కక్కింది. దడి చాటుకు పోతే మూత్రం ఎర్రగా పోసింది. నెత్తురు గాదు, మందే, అని పైకే అనుకుంది. నీళ్లు పోసి మన్ను కప్పి, గోడ పట్టుకుని వచ్చి పడుకుంది. చీర కుచ్చిళ్ల మీద ఎర్ర మరక ఉంది. పొద్దున లేచి ఉతుక్కోవాలనుకుంది.

లేచేసరికి బారెడు పొద్దెక్కింది. ఒంటి మీద వేరే చీర ఉంది. మందు నాటి చీర దండెం మీద ఆరుతోంది. మోచేతుల దాకా తడి చేతులతో జాహేదా వచ్చి నిలబడింది. "లేసినవా అత్తా? జర జావ తాగుతవా?"

లాల్ బీకి చీర కనపడలేదు, జావ కనపడలేదు. ఆ తడి చేతులే కనపడ్డాయి.

"నా చీర ఎవరు ముట్టుమన్నరే నిన్ను?"

"గబ్బు వాసనొస్తాంది, అందుకే..."

"వస్తే వచ్చింది. నీ ముక్కుకేమైంది? బర్రెను కడిగినట్టు కడుగుతవ్, చీర పీలికలైతది. ఇంకోసారి ముట్టినవంటే ఆ చేతులిరగ్గొడ్త!"

జాహేదా తలకాయ వంచుకుని పోయింది. చెప్పాల్సింది అప్పుడే. ఒక్క మాట. ఆ మాటను తెచ్చి నాలుక చివర పెట్టుకుని, మళ్లీ మింగేసింది లాల్ బీ. ఇప్పుడు చెబితే ముట్టింది ముట్టనట్టవుతుందా? పిల్ల భయంతోనే సగం చచ్చిపోతుంది, ఆ భయానికే కడుపు జారితే? తిట్టే నోరుంది కదా, తిట్టి దూరం పెడదాం. ఇదీ ఆమె ఎత్తు. కత్తిపీటను కట్టెల్లో దాచితే అది కట్టెకోసం వచ్చిన చేతినే కోస్తుందని ఆమెకు ఎవరు చెప్పాలి?

రెండోసారి మందు నాటికి నెత్తి మీద వెంట్రుకలు గుప్పెళ్లుగా చేతికి ఊడొచ్చాయి. కొంగు బిగించి చుట్టుకుంది. "జుట్టు పోయింది గని నాలుక మాత్రం ఊడలేదే మా అమ్మది" అన్నాడు రజాక్, నవ్వించాలని. ఆ నాలుకతోనే ఈసారి ఇంటికి రాగానే కోడలి మీద విరుచుకుపడింది. నీ నడక బాగలేదు, నీ ఊపిరి బాగలేదు, నా మంచం దగ్గరికి రాకు, ఆడనే పొయ్యి కాడ ఏడువు. జాహేదా గుమ్మం దాటలేదు. కానీ అత్త కక్కుతుంటే చూడలేకపోయింది. లాల్ బీ కళ్లు మూతపడగానే గిన్నె తీసుకెళ్లి కడిగింది. దూది బస్తాల వెనక కుక్కిన చీరను వాసనబట్టి పట్టుకుని, బోరింగు దగ్గర రాయి మీద బాదింది. తల్లి లేని పిల్లకు, తిట్టే తల్లి కూడా చచ్చిపోతుందేమోనన్న భయం. ఎంత తిడితే అంత సేవ చేసింది. సేవ చేసినకొద్దీ అత్త ఇంకా గట్టిగా తిట్టింది. గల్లీలో ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. "రొమ్ము కోసిన్రు గని గుండె ఎప్పుడో లేకపాయె దానికి" అని ఎల్లయ్య పెళ్లాం బోరింగు దగ్గర అన్న మాట లాల్ బీ చెవిన పడింది. విని ఊరుకుంది. అంత చేతకానిదైంది మనిషి.

మూడోసారి పట్టుదల మీద తన చీర తానే ఉతుక్కుంది. ఉతికి, పిండబోయి, అక్కడే రాతి పక్కన కూలబడింది. జాహేదా పరుగెత్తుకొచ్చి, రెండు చంకల్లో చేతులేసి లేపింది. తడిసిన చీరంతా ఆ పిల్ల కడుపుకు ఆనుకుంది. కడుపు అప్పటికి బయటికి కనపడుతోంది. "దూరం పో!" అని లాల్ బీ నెట్టింది. ఆ నెట్టుడుకు జాహేదా గోడకు తగిలింది. చోటే మియా చూశాడు. ఆ రోజంతా విల్లు ముట్టలేదు.

ఇంక జాహేదా పెట్టె సంగతి. నాలుగోసారి మందుకు ఇంకో వారం ఉందనగా, లాల్ బీకి సన్నసూది కావాల్సి వచ్చింది. జాహేదా రేకు పెట్టెలో ఉంటుందని మూత ఎత్తింది. పైనే ఒక చీర. ఆకుపచ్చ మీద నల్ల గడులు, కుచ్చిళ్ల దగ్గర పోయీ పోని ఎర్ర ఛాయ. మొదటిసారి మందు నాటి చీర. ముక్క కోసి, నాలుగు పొరలుగా మడిచి, చుట్టూ పలుచగా పోగు కుట్టు వేసి ఉంది. మూరెడు వెడల్పు, రెండు మూరల పొడుగు. ముప్పై ఏళ్లలో అట్లాంటివి ఎన్ని వందలు కుట్టిందో, ఆ కొలత చూడగానే ఆమెకు తెలిసిపోయింది.

వాళ్ల ఆచారం అది. పుట్టిన బిడ్డను మొదట పండబెట్టే చిన్న బొంతకు నాయనమ్మ కట్టి విడిచిన చీరే కావాలి. కొత్త గుడ్డ పనికిరాదు. నాయనమ్మ ఒంటి మెత్తదనం, ఆమె ఆయుష్షు గుడ్డలో ఉంటాయంటారు. ఎన్ని ఇండ్ల నాయనమ్మల చీరలో లాల్ బీ చేతుల మీదుగా పోయాయి. తన ఇంటికి మాత్రం ఇదే మొదటిది.

"జాహేదా!"

పిల్ల చేట చేతిలో పట్టుకునే వచ్చింది.

"గీ చీర నీ పెట్టెలకెట్లొచ్చింది?"

"నేనే పెట్టిన అత్తా. తొలి బొంతకు. నీకు కుట్టొస్తదో రాదో ఇప్పుడు, చేతులు వణుకుతున్నయ్ గద. నాకొచ్చినంత కుడ్తున్న. కుట్టు బాగలేదని తిట్టకు."

"తియ్. పొయ్యిల పెట్టు."

"అత్తా!"

"పొయ్యిల పెట్టుమన్ననా? నా చీర నీ బిడ్డకొద్దు!"

చేట కింద పడింది. బియ్యం నేలంతా పరుచుకుంది. జాహేదా అంతవరకూ ఎన్నడూ గొంతు ఎత్తని పిల్ల. "నా బిడ్డంటే గంత కంటయిందా నీకు? నన్ను తిట్టు, పడ్త. నీ కక్కుడెత్తిన, నీ గుడ్డలుతికిన, ఎన్నడన్న మొకం మాడ్చిన్నా? ఒక్క పాత చీర ఇయ్యబుద్ధి గాలేదా? గీ పిండం గూడ పోవాలెనా నీకు?"

చోటే మియా లోపలికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లాల్ బీ మెల్లగా దూది సంచి దగ్గరికి పోయి, భుజం దాకా చేయి పెట్టి, కాగితం పొట్లం తీసి బియ్యం మీద పెట్టింది. రెండు జతల రబ్బరు తొడుగులు, మడత కూడా విప్పనివి.

"దవాఖానల ఇచ్చిన్రు," అంది. "నా గుడ్డలు ముట్టెటోళ్లు ఏసుకోవాల్నంట. రెండు దినాలు నా ఒంట్లకెళ్లి మందు కారుతదంట. ఇషం. కడుపుతోని ఉన్నోళ్లు అసలే ముట్టొద్దన్నరు."

జాహేదా తన చేతులు రెండూ ఎత్తి, ఎవరివో అన్నట్టు చూసుకుంది.

"రెండుసార్లు ఉతికిన," అంది చివరికి.

"గిన్నెలు గూడ కడిగినవ్. నన్ను లేవట్టినవ్."

"నాకెందుకు జెప్పలే?"

లాల్ బీకి జుట్టు పోయింది, రొమ్ము పోయింది. ఆ రోజు జవాబు కూడా పోయింది. బొంతలు కాలతాయని చెప్పనా? దిష్టి తాకుతుందని చెప్పనా? తిడితే చాలనుకున్నానని చెప్పనా? మూడూ నిజమే. మూడింటినీ కలిపి ఆ పిల్ల చేతుల పక్కన పెడితే గడ్డిపోచకు కూడా తూగవు.

రజాక్ ఆ రాత్రి తిండి తినలేదు. జాహేదా మాత్రం వండింది, వడ్డించింది, మాట్లాడలేదు. అన్నం పళ్లెం అత్త ముందు చప్పుడు లేకుండా పెట్టేది. ఆ చప్పుడు లేకపోవడమే లాల్ బీకి చెంపదెబ్బలా తగిలేది.

నాలుగోసారి మందుకు పోయినప్పుడు సావిత్రమ్మ సిస్టరుకు అంతా చెప్పింది. సిస్టరు నెత్తి కొట్టుకుంది.

"ఉన్నరా అంటే లేరంటివి?"

"నాలుగో నెలనే ఉండె. దిష్టి తాకుతదని."

"ఎవరి దిష్టి? నాదా?"

లాల్ బీ తల వంచుకుంది. "బిడ్డకేమన్న అయితదా అమ్మా?"

"ఏం గాకపోవచ్చు. చాలమందికి ఏం గాదు. కని అసలే గాదని నేను రాసియ్యలేను, డాక్టరమ్మ గూడ రాసియ్యలేదు. ఊర్ల డాక్టరమ్మకు చూపిస్తుండున్రి. ఇగ మీదన్న ముట్టనీయకు."

"ఆ చీర... ఉతికిన చీరల గూడ ఇషముంటదా?"

"రెండుసార్లు మంచిగ ఉతికి ఎండినంక ఏముండదు. నిమ్మలంగ వాడుకో."

విన్నది. తల ఊపింది. కానీ ఉతకని గుడ్డ ముట్టని లాల్ బీకి, తను కట్టి ఉతికిన గుడ్డ మీద కూడా నమ్మకం చచ్చిపోయింది. సిస్టరు మాట ఒక చెవిన, చేట కింద పడ్డ చప్పుడు ఒక చెవిన. ఆ చీర కుట్టు విప్పి, నిజంగానే పొయ్యిలో పెట్టింది.

ఆ మాటు నుంచి ఉతుకుడు పని చోటే మియా ఎత్తుకున్నాడు. ఎవరూ చెప్పలేదు. రబ్బరు తొడుగులు ఆయన పెద్ద చేతులకు పట్టక మొదటిరోజే చిరిగాయి. గల్లీ చివర కాపుదనం చేసే ఇంటి సుగుణమ్మ దగ్గర ఖాళీ యూరియా సంచులు తెచ్చి, లోపలి ప్లాస్టిక్ సంచి బాగా కడిగి, రెండు ముక్కలు కోసి చేతులకు తొడుక్కుని, మణికట్టు దగ్గర బొంత దారంతో బిగించి కట్టుకున్నాడు. ఎండాకాలం, బోరింగులో నీళ్లు దగ్గినట్టు వస్తున్నాయి. రెండుసార్లు ఉతకాలంటే సైకిలుకు రెండు బిందెలు కట్టి సుగుణమ్మ బావి దాకా పోవాలి. పెళ్లాం చీరలు పిండుతున్న మొగోణ్ని చూసి దారిన పోయేవాళ్లు ఊరుకుంటారా? "ఏం చోటే మియా, దూది ఇడిసిపెట్టి రేవు పట్టినవా?" అంటే, "దూది కన్న గిదే నయం, తుమ్ములు రావు" అనేవాడు. ఆ మనిషి అన్ని మాటలు ఆడటం గల్లీ ఎప్పుడూ వినలేదు.

ఇంక లాల్ బీకి మిగిలింది ఒక్క పని, చీర అడగడం. ఊరంతా ఆమెకు గుడ్డలు తెచ్చి ఇచ్చిందే కానీ, ఆమె ఏనాడూ ఎవరి గుమ్మంలో నిలబడి గుడ్డ అడగలేదు. మందు ఎక్కించుకున్న ఎనిమిదో రోజు పొద్దున కొంగు సర్దుకుని సుగుణమ్మ వాకిట్లోకి పోయింది. సుగుణమ్మ కందులు ఎండబోస్తోంది. నలుగురు మనవలను ఎత్తిన మనిషి.

"వదినె, నీ కట్టి ఇడిసిన చీరొకటి గావాలె."

"ఏం గావాలె?" సుగుణమ్మ సరిగా వినలేదనుకుంది. "ఎవరికే?"

"నా మన్మనికో మన్మరాలికో. తొలి బొంతకు."

"నీ చీరలేమైనయ్?"

లాల్ బీ చెప్పింది. నిలబడే అంతా చెప్పింది. మధ్యలో సుగుణమ్మ కాళ్లు రెండడుగులు వెనక్కి పోయాయి. లాల్ బీ చూసింది, కానీ ఆగలేదు.

"అంటుకుంటదా మరి?" అంది సుగుణమ్మ.

"రోగం అంటుకోదు. మందు రెండు దినాలుంటది. మూడో దినం సంది నేను గూడ నీ అసొంటి మనిషినే. ఇయ్యాల ఎనిమిదో దినం."

సుగుణమ్మ లోపలికి పోయింది. చాలాసేపు రాలేదు. లాల్ బీ ఎండలో కందుల మీద కాకులు వాలకుండా చూస్తూ నిలబడింది. చివరికి వచ్చింది. చేతిలో నారాయణపేట నూలు చీర, ఎర్ర అంచుది, ఉతికి ఉతికి వెన్నలా అయింది. లాల్ బీ తీసుకుని, తెలియకుండానే ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఓసి నీ ఇల్లు బంగారం గాను! అడుక్కునేటప్పుడు గూడ వాసన జూస్తున్నవా?"

"చేతికలవాటయింది వదినె."

"ఉతికిందేనే. తీస్కపో." సుగుణమ్మ నవ్వింది. లాల్ బీకి నవ్వు రాలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఇంటికి వచ్చింది.

సుగుణమ్మ కడుపులో మాట దాగదు. సాయంత్రానికి బోరింగు దగ్గర అందరికీ తెలిసింది. ఎల్లయ్య పెళ్లాం వచ్చి తన మూట తీసుకుపోయింది, ఇంకొకామె మనిషిని పంపి తెప్పించుకుంది. అరుగు సగం ఖాళీ అయింది. ఎవరూ ఏమీ కాల్చలేదు, అంతవరకు నయం. కూలికి పోయే సోమమ్మ మాత్రం కొత్త మూట తెచ్చి పెట్టి, "నీ రెండు దినాలు లెక్కజూసుకోనే కుట్టు, నాకేం తొందర లేదు" అంది. లాల్ బీ ఆ మూటకు వాసన చూడలేదు.

వేళ్లు తిమ్మిరెక్కి సూది సరిగా పట్టు దొరకకపోయినా చిన్న బొంత తనే కుట్టింది. కుట్లు వంకర పోయాయి. విప్పి కుట్టింది, మళ్లీ విప్పింది. జాహేదా ఒకరోజు పక్కన కూర్చుని, మాట్లాడకుండానే సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చింది. అంతే. లేచి పోయింది.

రక్తం తక్కువైందని మధ్యలో రెండుసార్లు మందు ఎక్కించకుండా వెనక్కి పంపారు. అట్లా జరిగి జరిగి ఆరోసారి మందు తొమ్మిదో నెలలో పడింది. మధ్యాహ్నం మందు ఎక్కించుకుని, సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చేసరికి, గుమ్మంలో రజాక్ అటూ ఇటూ తిరుగుతున్నాడు. లోపల జాహేదా నొప్పులు పడుతోంది. మంత్రసాని వచ్చి ఉంది. లాల్ బీ కాలు గడప మీద పెట్టబోయి తీసుకుంది. ఒంట్లో ఎర్ర మందు ఉంది. రెండు దినాలు. ఆ మందు ఎక్కడెక్కడ ఉంటుందో సిస్టరు చెప్పిందే ఆమెకు తెలుసు, చెప్పనిది తెలియదు. చెప్పనిదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. "సుగుణమ్మను పిలువు పో," అని కొడుకును తరిమి, తను పెరట్లో దడి పక్కన చాప వేసుకుని కూర్చుంది. గిన్నె పక్కన పెట్టుకుని, లోపలి చప్పుళ్ల మీద చెవి పెట్టింది.

దీపాలు పెట్టే వేళకు బిడ్డ ఏడిచింది. సన్నగా, పిల్లి కూన ఏడ్చినట్టు.

"ఏం బిడ్డ?" లాల్ బీ దడి దగ్గరి నుంచే అరిచింది.

"ఆడపిల్ల!" సుగుణమ్మ గొంతు. "బొంతల పండవెట్టిన. చెయ్యంత ఉంది."

"చెయ్యంతనా? గంత చిన్నగనా? వేళ్లు లెక్కవెట్టు."

"పది."

"కాళ్లయి?"

"పది."

"పెదవులు జూడు. వీపు జూడు. మళ్ల లెక్కవెట్టు."

"ఎన్నిసార్లు లెక్కవెట్టినా పదే ఉంటయే! కొత్తగ మొలుస్తయా?"

పది వేళ్లున్నాయి. కానీ లోపల, లెక్కపెట్టరాని చోట ఏముందో ఎవరు చెప్పాలి? మరుసటిరోజు డాక్టరమ్మ వచ్చి చూసి, పిల్ల బరువు తక్కువ, వెచ్చగా పెట్టండి, పాలు పట్టండి, చూస్తూ ఉందాం అంది. అత్త గుడ్డలు ఉతికిన సంగతి జాహేదాయే చెప్పింది. దాని వల్లనా అని అడిగితే, "చెప్పలేం. బక్క తల్లులకు బక్క పిల్లలు పుడుతనే ఉంటరు" అంది. పెరట్లో కూర్చుని లాల్ బీ ఆ మాట కూడా విన్నది.

ఆ మధ్యాహ్నం వెనక తలుపు తెరుచుకుంది. జాహేదా గోడ పట్టుకుని నిలబడింది, చేతుల్లో ఎర్ర అంచు బొంత. గడప దాటలేదు. బొంతను కొంచెం ఎత్తి చూపించింది. అంత దూరం నుంచి లాల్ బీకి ఒక నల్లటి తలకాయ, ఒక పిడికిలి కనపడ్డాయి.

"రేపు మాపటికి రెండు దినాలైతయ్," అంది జాహేదా. నెలల తరవాత అత్తతో ఆడిన మొదటి మాట అది. "ఎల్లుండి తలకు పోసుకోని రా. గప్పటిదాంక ఆడనే ఉండు."

మెత్తగా అనలేదు. కటువుగానూ అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పి తలుపు దగ్గరికి వేసింది.

లాల్ బీ ఉన్నచోటనే ఉంది. బావి నీళ్లు తెచ్చిన చోటే మియా రాతి పక్కన గొంతుక్కూర్చుని, ప్లాస్టిక్ తొడుక్కున్న చేతికి దారం చుట్టి, కొసను పళ్లతో పట్టుకుని బిగిస్తున్నాడు. లోపల పిల్ల సన్నగా ఏడుస్తోంది. లాల్ బీ మెడ అటే చాచి ఉంది. ఉన్నట్టుండి ఏడుపు ఆగిపోయింది.

"ఎందుకాగిందే?" లాల్ బీ గొంతు పగిలేటట్టు అరిచింది. "జాహేదా! ఎందుకాగింది?"

"పాలు తాగుతాంది," లోపలి నుంచి వచ్చింది జవాబు. "ఒర్రకు."